వాసనేం లేదని చెప్పిన కండక్టరమ్మ

గౌరీబాయి మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సులో కండక్టరుగా చేరిన కొత్తలో ఆమె గొంతు గురించి డ్రైవర్లు నవ్వుతూ చెప్పుకునేవారు. నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ అని ఆమె ఒక్క కేక వేస్తే బస్టాండు బెంచీల మీద కునుకు తీస్తున్నవాళ్లు కూడా లేచి సంచులు సర్దుకునేవారట. ఆమె పాలకీడు దగ్గరి ఒక తండాలో పుట్టింది. హాస్టళ్లలో ఉండి డిగ్రీ దాకా చదివింది. ఖాకీ కోటు వేసుకుని మొదటిసారి తండాకు వెళ్లిన రోజు తండ్రి మంగ్త్యా ఆమెను ఇంట్లోకి రానివ్వలేదు. వాకిట్లోనే మంచం వాల్చి కూర్చోబెట్టాడు, దారిన పోయే ప్రతివాళ్లూ చూడాలని. ఆ తర్వాత పెళ్లయింది. భర్త వీరేందర్ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. మిల్లులకు దగ్గర్లోనే కిరాయి ఇల్లు. ఒక్కతే బిడ్డ, కావ్య.

ఆ గొంతు మెల్లగా పాడైంది. ఒక వానాకాలంలో పట్టిన పడిశం చలికాలం వచ్చినా పోలేదు. ముక్కు ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు మూసుకుపోయేది. కళ్ల కింద, బుగ్గల్లో ఏదో బరువు వేలాడుతున్నట్టు ఉండేది. కింద పడ్డ చిల్లర కోసం వంగితే నుదురు పగిలిపోయేది. గొంతులోకి చిక్కటి కళ్ళె జారుతూ ఉండేది. దాన్ని మింగడమా, ఉమ్మడమా అన్నదే రోజంతా పెద్ద సమస్య. బస్సు నిండా జనం ఉంటారు, ఎక్కడ ఉమ్ముతుంది? మింగేది. ఎవరో వావిలాకు వేసి ఆవిరి పట్టమన్నారు, పట్టింది. అరటిపండు, పెరుగు మానేయమన్నారు, మానేసింది. వీధిలోని ఆరెంపీ డాక్టరు సూది వేసినప్పుడల్లా నాలుగు రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదటికి వచ్చేది. చివరికి మందుల షాపులో ముక్కులో వేసుకునే చుక్కల సీసా ఇచ్చారు. మొదటి రోజు రెండు చుక్కలు వేసుకోగానే తలుపు తీసినట్టు ముక్కు తెరుచుకుంది. ఆ సుఖానికి ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. కొన్నాళ్లకు ఆ చుక్కలు లేకుండా ఒక ట్రిప్పు కూడా చేయలేని స్థితికి వచ్చింది. టిక్కెట్ మిషన్ మరిచిపోయినా మరిచిపోయేదేమో గాని, కోటు జేబులో సీసా లేకుండా ఇల్లు కదిలేది కాదు.

వాసన ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. ఒక ఉదయం వీరేందర్ చాయ్ గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, పాలు విరిగినట్టున్నాయని మెల్లగా అన్నాడు. ఆమె పాలవాణ్ని తిట్టింది. అతను వెళ్లాక గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఏమీ లేదు. కిరోసిన్ డబ్బా మూత తీసి చూసింది. అక్కడా ఏమీ లేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి అన్నం మెతుకు వేళ్లతో నలిపి, కూర రంగు చూసి, పక్కవాళ్ల మొహం చూసి కనిపెట్టడం నేర్చుకుంది.

అయితే ఆమెను కుంగదీసింది వాసన తెలియకపోవడం కాదు, తన దగ్గరే వాసన వస్తోందని తెలియడం. ఒకనాడు టిక్కెట్ ఇవ్వడానికి వంగినప్పుడు కాలేజీ అమ్మాయి ఒకతె చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. గౌరీబాయి దుమ్ము వల్ల అనుకుంది. మరికొన్ని రోజులకు, రోజూ ఆ బస్సులోనే వచ్చే ఒక పెద్దాయన, బడి పంతులు, ఆమె అరచేతిలో రెండు యాలకులు పెట్టి నోట్లో వేసుకోమ్మా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆమె నవ్వి తీసుకుంది. కోదాడ వచ్చేదాకా ఇక నోరు విప్పలేదు. వీరేందర్ కొంతకాలంగా గోడవైపు తిరిగి పడుకోవడం ఎందుకో ఆ రోజు అర్థమైంది. కరోనా వచ్చి అందరి మొహాలకూ మాస్కులు తగిలించినప్పుడు ఊరంతా విసుక్కుంది గాని గౌరీబాయికి అది దేవుడు పంపిన చాటు. అందరూ మాస్కులు తీసేసినా ఆమె తీయలేదు. దుమ్ము పడదని చెప్పేది. స్టేజీల పేర్లు పిలవడం మానేసి బస్సు పక్కన చేత్తో తట్టేది.

తన ముక్కును దాచుకోగలిగింది గాని కూతురి ముక్కును దాచలేకపోయింది. కావ్యకు ఏడేళ్లు. ఎప్పుడూ నోరు తెరిచే ఉంటుంది. ముక్కు కారుతూనే ఉంటుంది. నిద్రలో పెద్దవాళ్లలా గురక పెడుతుంది, పొద్దున లేస్తే పెదవులు ఎండిపోయి ఉంటాయి. పది మందిలోకి వెళ్లినప్పుడు ఆ పిల్ల ముక్కు ఎగబీలిస్తే గౌరీబాయి ఒళ్లు భగ్గుమనేది. నోరు మూసుకో అని గిల్లేది. తిరుమలగిరిలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, అత్తగారి వైపు ఆడవాళ్లు చూస్తున్నారని, పిల్ల ముక్కును కొంగుతో గట్టిగా రుద్ది తుడిచింది. రక్తం వచ్చింది. కావ్య ఏడవలేదు. తల్లి వైపు నోరు తెరుచుకుని చూస్తూ నిలబడింది. పిలిస్తే ఒకసారికి పలకదు, రెండుసార్లు పిలిచినా పలకదు. మొండితనం అనుకుని వీపు మీద ఒకటి వేసేది. బడిలో పార్వతి టీచర్ కూడా పిల్లకు శ్రద్ధ లేదనేది. ఆ మాట విని వచ్చిన రోజు ఇంకొంచెం ఎక్కువ కొట్టేది.

అలా ఉండగా, పత్తి చేలకూ నారుమళ్లకూ మందులు కొట్టే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ ఘటన జరిగింది.

మిర్యాలగూడలోనే బస్సు నిండిపోయింది. ఒక రైతు పురుగుమందు సీసాల సంచిని ఒక సీటు కిందికి కాలితో తోసి నిలబడ్డాడు. అలాంటివి ఎక్కించకూడదు. ఎక్కుతున్నప్పుడు గౌరీబాయి చూడలేదు. ఆ సీటులో మైసమ్మ అనే ముసలామె కూర్చుంది. కోదాడలో ఉన్న కొడుకు ఇంటికి మనవరాలిని తిరిగి తీసుకుపోతోంది. పిల్ల పేరు గ్రేస్, మూడేళ్లది. సీట్లో ఇరుకని, కాళ్ల దగ్గర ఉన్న బట్టల మూట మీద కూర్చుంది. చిల్లేపల్లి వంతెన దాటాక మైసమ్మ కండక్టర్ కొంగు పట్టుకుని లాగింది.

"బిడ్డా, గీడ మందు వాసనొస్తంది. జర వంగి సూడు, సీటు కింద ఏమన్న ఒలికిందేమో."

వంగడం అనే మాట వినగానే గౌరీబాయి నుదురు పోటెత్తింది. పైగా చుట్టూ ఉన్నవాళ్లు ఆమె వైపే చూస్తున్నారు. వాసన వస్తోందా లేదా అని ఆమె చెప్పాలి. కిటికీలోంచి చూస్తే దూరంగా ఒకతను వీపుకు డబ్బా తగిలించుకుని చేనుకు మందు కొడుతున్నాడు.

"వాసనేం లేదవ్వా. బయట చేన్లకు కొడుతున్నరు, గాలికొస్తది."

"గాలిది కాదు బిడ్డా. ఇక్కడ్నే ఉన్నది. పిల్ల కండ్లు నలుసుకుంటంది."

"లేదంటున్న గద. రోజూ తిరిగే బస్సు, నాకు తెల్వదా?"

మైసమ్మ తగ్గింది. పక్క సీటాయన కూడా ఏదో అనబోయి, కండక్టరే లేదంటోంది కదా అని ఊరుకున్నాడు. నేరేడుచర్లలో ఆ రైతు సంచి తీసుకుని దిగిపోయాడు. ఒక సీసా మూత ఊడి సగం మందు కారిపోయిందని అతనికీ తెలియదు. అది బస్సు అడుగున పారి, మైసమ్మ బట్టల మూటను, దాని మీద కూర్చున్న పిల్ల గౌనును, తొడలను తడిపింది.

హుజూర్‌నగర్ దాటాక గ్రేస్ నోటివెంట చొంగ కారడం మొదలైంది. వాంతి చేసుకుంది. మెడ వాల్చేసింది. మైసమ్మ అరుపుకి డ్రైవర్ దేవదాసు బస్సు పక్కకు తీశాడు. అప్పుడు వంగింది గౌరీబాయి. తల పగిలిపోతున్నా వంగింది. సీటు కింద నూనెలా మెరుస్తున్న తడి, దానిలో ఒక తెల్ల మూత కనిపించాయి. ఆ తడి మీద చెయ్యి పెట్టి ముక్కు దగ్గర పెట్టుకుంది, మాస్కు తీసి మరీ. ఏమీ తెలియలేదు. చుట్టూ ఉన్నవాళ్లందరూ మాత్రం ముక్కులు మూసుకుని ఉన్నారు.

దేవదాసు ఎక్కడా ఆపకుండా బస్సును కోదాడ దవాఖాన ముందుకు తెచ్చాడు. అక్కడి డాక్టర్లు పిల్ల బట్టలు తీసేసి, సబ్బుతో ఒళ్లంతా కడిగి, సూదులు వేసి, లోపలికి తీసుకుపోయారు. మందు నోట్లోకి పోనక్కర్లేదని, చర్మం గుండా కూడా లోపలికి పోతుందని చెప్పారు. మైసమ్మ కొడుకు మధు, కోడలు ప్రవళిక పరుగున వచ్చారు. అవుట్‌పోస్టు కానిస్టేబుల్ వచ్చి ఏం జరిగిందని అడిగాడు. మైసమ్మ ఏడుస్తూనే, వాసన వస్తోందని తాను కండక్టరుకు చెప్పానంది. అందరూ గౌరీబాయి వైపు తిరిగారు.

"నాకెవ్వలు చెప్పలె," అంది గౌరీబాయి. "చెప్తే ఆపకపోదునా?"

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకునే ధైర్యం రాలేదు. చెప్పిందని ఒప్పుకుంటే, మరి నీకు వాసన రాలేదా అని అడుగుతారు. రాలేదంటే ఎందుకు రాలేదంటారు. అక్కణ్నుంచి ఎక్కడిదాకా పోతుందో ఆమెకు కనిపించింది. మైసమ్మ ఏడుపు ఆపి ఆమె మొహంలోకి చూసింది. మధు మాత్రం తల్లి మీద విరుచుకుపడ్డాడు. పిల్ల కింద ఏముందో చూసుకోలేదని, పైగా చెప్పానని అబద్ధం ఆడుతోందని. గౌరీబాయి పక్కనే నిలబడి అదంతా విన్నది. దేవదాసు ఇంజన్ మోతలో ఏమీ వినలేదు. మిగతా ప్రయాణికులు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. డిపోలో అడిగినప్పుడూ ఆమె అదే మాట చెప్పింది.

పిల్ల బతికింది. రెండు మూడు రోజులకు లేచి ఆడుకుంటోందని దేవదాసు వచ్చి చెప్పాడు. ఆ ముసలామెను మాత్రం కొడుకు ఇంట్లో ఉండనివ్వలేదని, మిర్యాలగూడ తిరిగి వెళ్లిపోయిందని కూడా చెప్పాడు. గౌరీబాయి మాస్కు పైకి లాక్కుని టిక్కెట్లు కొట్టడానికి వెనక్కి వెళ్లింది. ఆ తర్వాత ఎవరు కొంగు పట్టుకుని పిలిచినా ఆమె చప్పున తిరిగి చూసేది. ప్రతి ట్రిప్పులో సీట్ల కింద వంగి వంగి చూసేది, తలపోటుతో కళ్లు బైర్లు కమ్ముతున్నా సరే. చూసినకొద్దీ ఆ రోజు చూడకపోవడం ఇంకా పెద్దదయ్యేది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పార్వతి టీచర్ బడికి పిలిపించింది. ఈసారి ఆమె ఫిర్యాదు చేయలేదు. కావ్యను వెనక నిలబెట్టి పిలిచి చూశానని, పలకలేదని, ముందుకు తిప్పి పిలిస్తే పెదవులు చూసి పలికిందని చెప్పింది. సూర్యాపేట పెద్ద దవాఖానలో చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించమంది. ఇన్నాళ్లూ శ్రద్ధ లేదన్నది తన పొరపాటేనేమో అని కూడా అంది. గౌరీబాయి తల ఊపింది. బడి గేటు దాటాక ఆ గోడకే ఆనుకుని కొంచెంసేపు నిలబడింది.

సూర్యాపేటకు ముగ్గురూ వెళ్లారు. డాక్టర్ శ్రీవాణి చిన్న వయసామె. కావ్య చెవుల్లోకి లైటు వేసి చూసింది, ముక్కులో సన్నటి గొట్టం పెట్టి చూసింది. చెవి పరీక్ష గదికి పంపింది. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి విడమరిచి చెప్పింది. ముక్కు వెనక, గొంతుకు పైన పిల్లల్లో ఒక మెత్తటి కండ ఉంటుందట. మాటిమాటికీ జలుబు చేసే పిల్లల్లో అది వాచి ముక్కు దారిని మూసేస్తుంది. ఊపిరికి దారి లేక పిల్ల నోరు తెరుస్తుంది, గురక పెడుతుంది. చీమిడి బయటికి పోలేక లోపలే నిలుస్తుంది. చెవికి గాలి పోయే దారి కూడా అక్కడే ఉంది కాబట్టి అదీ మూసుకుపోయి, చెవి పొర వెనక జిగురు నీరు నిండుతుంది.

"నీళ్లల్ల మునిగి వింటే ఎట్లుంటది? మీ పాపకు మనం మాట్లాడేది గట్లనే వినపడుతుందమ్మా. చాన్నాళ్ల నుంచి," అంది డాక్టర్.

గౌరీబాయి కూతురి వైపు చూడలేకపోయింది. నోరు మూసుకో అని ఎన్నిసార్లు గిల్లింది? ఊపిరి తీసుకోవద్దని చెప్పినట్టే కదా అది. పలకలేదని ఎన్నిసార్లు కొట్టింది?

డాక్టర్ ఆమెనే గమనిస్తోంది. మీ గొంతు కూడా ముక్కుతో మాట్లాడినట్టే ఉంది, మాస్కు తీయండి అంది. గౌరీబాయి తీయలేదు. జలుబు అంది. ఎన్ని రోజులుగా అని డాక్టర్ అడిగింది. వీరేందర్ తల దించుకుని, నాలుగైదేండ్లాయె మేడం అన్నాడు. డాక్టర్ ఒక చిన్న సీసా మూత తీసి, మాస్కు మీదే ఆమె ముక్కు దగ్గర పెట్టి కళ్లు మూసుకుని చెప్పమంది. కాఫీ పొడి అని గౌరీబాయి ఊహించి చెప్పింది. సీసాలో కర్పూరం ఉంది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మాస్కు తీసింది. డాక్టర్ మొహం తిప్పుకోలేదు, వెనక్కి జరగలేదు. గొట్టంతో లోపల చూసి, ఆ చిత్రం తెర మీద వీరేందర్‌కూ చూపించింది. ఒలిచిన ద్రాక్షపండ్లలాగా తెల్లటి బుడిపెలు దారి నిండా వేలాడుతున్నాయి. వాటి పక్కన పసుపు రంగు చీము. మొహంలో బుగ్గల వెనక, కళ్ల మధ్య, నుదుట్లో గాలి గదులు ఉంటాయని, వాటి తలుపులు చాలా సన్నవని, లోపలి పొర ఏళ్ల తరబడి వాచిపోతే ఆ తలుపులు మూసుకుని నీరు కుళ్లుతుందని చెప్పింది. అదే సైనస్ జబ్బు. పన్నెండు వారాలు దాటిందంటే అది ఉత్త జలుబు కాదు, మాటిమాటికీ సూదులు వేయించుకుంటే తీరేదీ కాదు. అసలు మూలం వాపు. బుడిపెలు వాసన తెలిసే చోటుకు గాలి పోనివ్వడం లేదు. కాన్సర్ కాదు, భయం లేదంది. గౌరీబాయి తీసి చూపిన చుక్కల సీసాను చూసి మాత్రం నిట్టూర్చింది. అది వరసగా నాలుగైదు రోజులకు మించి వేసుకోకూడదట. ఎక్కువ వాడితే అదే ముక్కుదిబ్బడ తెస్తుందట.

తిరుగు బస్సు కోసం చూస్తూ బస్టాండులో కావ్య నిద్రపోయాక గౌరీబాయి భర్తకు గ్రేస్ సంగతి మొత్తం చెప్పింది. దవాఖానలో తాను ఆడిన అబద్ధం కూడా. అతను నిద్రపోతున్న పిల్ల తలను ఒళ్లో సర్దుకున్నాడు. తర్వాత తమ లంబాడీ భాషలో, పాలు విరిగిన రోజే తనకు తెలుసన్నాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగింది. నువ్వు సిగ్గుపడతావని అన్నాడు. ఆమె సిగ్గుపడుతుందని అతను, అతను అసహ్యించుకుంటాడని ఆమె. మధ్యలో ఎవరి పిల్లో విషం మీద కూర్చుంది.

సెలవు రోజున, దేవదాసును అడిగి మధు ఇల్లు కనుక్కుని, ఆమె ఒక్కతే కోదాడ వెళ్లింది. ప్రవళిక తలుపు తీసి గుర్తుపట్టింది. గ్రేస్ లోపల గోడ మీద సుద్దతో గీతలు గీస్తోంది. గౌరీబాయి గడప దగ్గరే నిలబడి చెప్పింది.

"ఆ రోజు మీ అత్తమ్మ నాకు చెప్పింది. రెండు సార్లు చెప్పింది. నాకు వాసన రాదు. చాన్నాళ్ల నుంచి రాదు. అది చెప్పుకునేందుకు సిగ్గయి, వాసన లేదన్న. ఆమె చెప్పలేదని కూడా నేనే అబద్ధమాడిన."

మధు వచ్చి వెనక నిలబడ్డాడు. అతను తిడతాడని ఆమె సిద్ధపడే వచ్చింది. మాట్లాడింది ప్రవళిక.

"ఇప్పుడొచ్చి చెప్తున్నారా? ఇన్ని రోజులూ మేము ఆవిణ్ని ఎన్ని మాటలన్నామో మీకు తెలుసా? కన్న కొడుకు ఫోన్ కూడా ఎత్తడం మానేశాడు."

మధు చొక్కా తగిలించుకుని బయటికి నడిచాడు. మిర్యాలగూడ బస్సులో అతను చివరి సీటులో, ఆమె ముందు సీటులో కూర్చున్నారు. దిగాక అతను ముందు నడిచాడు, ఆమె వెనక.

మైసమ్మ రేకుల ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కొడుకును చూసి లేవబోయి, వెనక ఉన్న మనిషిని చూసి ఆగిపోయింది. గౌరీబాయి మళ్లీ అదంతా చెప్పింది. రెండోసారి చెప్పడం తేలికేమీ కాలేదు. మధు తల్లి కాళ్ల దగ్గర కూలబడి, తల ఎత్తలేదు. మైసమ్మ అతని వీపు మీద చెయ్యి వేసింది గాని మాట్లాడింది గౌరీబాయితోనే.

"నువ్వు అబద్ధమాడినవని ఆ పొద్దే తెల్సు బిడ్డా. అయినా అందరు అంటుంటే నా ముక్కు మీద నాకే అనుమానం పుట్టింది. కూర మాడిన వాసనొస్తే నిజంగనే వస్తుందా అని పొయ్యి కాడికి పోయి సూసుకుంటున్న. పిల్లకు నేనే జేసిన్నేమో అనుకున్న."

గౌరీబాయి చేతులు జోడించింది.

"చెప్పినవు, మంచిదే," అంది మైసమ్మ. "ఇగ నువ్వు పో."

ఆమె వెళ్లిపోయింది. అంతకన్నా ఎక్కువ తనకు రావాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. మరునాడు డిపోలోనూ నిజం చెప్పింది. మందలించారు. జబ్బు నయమయ్యేదాకా బస్సు ఎక్కవద్దని బస్టాండులో కూర్చునే పని ఇచ్చారు. సంగతి అందరికీ పాకింది. కొందరు జాలిపడ్డారు, కొందరు చాటున నవ్వుకున్నారు. ముక్కులేని కండక్టర్ అని ఎవరో అన్న మాట ఆమె చెవిన పడింది. విన్నది.

చుక్కలు మానేసిన మొదటి వారం నరకం. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని ఒరిగి పడుకునేది. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, చిటికెడు సోడా పొడి కలిపి, మెడ వంచి ఒక ముక్కులోంచి పోస్తే రెండో ముక్కులోంచి రావాలి. మొదట్లో గొంతులోకి పోయి ఉక్కిరిబిక్కిరయ్యేది. ఆ తర్వాత డాక్టర్ రాసిచ్చిన, వాపు తగ్గించే స్ప్రే. మధ్య గోడ వైపు కాకుండా కంటి చివర వైపు మొన ఉంచి కొట్టాలని, కొట్టగానే గట్టిగా పీల్చవద్దని డాక్టర్ చేయించి చూపించింది. ఇది చుక్కల్లాగా వెంటనే తెలియదు, వారాలు పడుతుంది, విసుగొచ్చి మానేయకూడదని మరీ మరీ చెప్పింది. వాపు కొంత తగ్గింది గాని బుడిపెలు పోలేదు. స్కానింగ్ తీసి, చలికాలం ముందర ముక్కు లోపలినుంచే ఆపరేషన్ చేశారు. కోత బయటికి కనిపించదు. ఇది దారి తెరవడమే గాని వాచే గుణాన్ని తీసేయడం కాదని, కడుక్కోవడం, స్ప్రే కొనసాగించాలని, అశ్రద్ధ చేస్తే బుడిపెలు మళ్లీ రావచ్చని డాక్టర్ ముందే చెప్పింది.

చాలా రోజుల తర్వాత, ముక్కు శుభ్రం చేయించుకోవడానికి వెళ్లినప్పుడు, వార్డు వరండాలో ఒకామె నేల తుడుస్తోంది. గౌరీబాయి ఆగిపోయింది. ఏదో ఘాటుగా, పదునుగా వచ్చింది. ఫినాయిల్. ఆ బకెట్ పక్కనే నిలబడి ఏడ్చింది. తుడిచే ఆమె కంగారుపడి, జారిపడ్డావా అమ్మా అని అడిగింది. ఆ వాసన ఆ రోజు కాసేపే ఉంది. తర్వాత వస్తూ పోతూ, ఇప్పటికీ సగమే. పురుగుమందు వాసన తెలుస్తుందని ఆమె ఇంకా ధైర్యంగా చెప్పలేకపోతోంది. తిరిగి బస్సు ఎక్కిన తర్వాత ఎవరు ఏ వాసన అన్నా, నాకు సరిగ తెల్వది, నువ్వు చెప్పు అని అడిగి, వంగి చూస్తుంది.

కావ్యకు మూడు నెలలు ఉప్పునీళ్లు, స్ప్రేతోనే చూశారు. చాలామంది పిల్లలకు అంతటితో తగ్గుతుందట, పెరిగేకొద్దీ ఆ కండ కూడా చిన్నదవుతుందట. కావ్యకు ముక్కు కారడం తగ్గింది గాని చెవిలో నీరు తగ్గలేదు. అప్పుడు ఆ కండను తీసి, చెవి పొరలో చిన్న గొట్టం పెట్టారు. ఇంటికి వస్తూ ఆటోలో కావ్య రెండు చేతులతో చెవులు మూసుకుంది. హారన్లు ఇంత పెద్దగా ఉంటాయా అని అడిగింది.

రెండు రోజులకు, వంటింట్లోంచి గౌరీబాయి ఎప్పటిలాగే కూతురిని పిలిచింది. కావ్య వచ్చి గుమ్మంలో నిలబడింది. అమ్మను తండా మాటలోనే పిలుస్తుంది.

"యాడీ, ఎందుకు అరుస్తున్నవ్?"

గౌరీబాయి పొయ్యి తగ్గించింది. పిల్లకు వినపడాలని ఇన్నేళ్లూ తాను అరుస్తూనే ఉందని, అరుస్తున్నానని తనకే తెలియదని అప్పుడు గుర్తించింది. పిల్లను దగ్గరికి తీసుకుంది. నోరు మూసే ఉంది, ముక్కుతోనే ఊపిరి తీసుకుంటోంది. కొట్టినందుకు ఏమీ అనుకోకు బిడ్డా అంది, మెల్లగా.

కావ్య ఆలోచించింది.

"ఏ రోజు కొట్టినందుకు?"

అడిగిన తీరులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. గౌరీబాయి ఆ పిల్ల జుట్టు సవరిస్తూ ఉండిపోయింది. అన్ని రోజులకూ అని చెప్పడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. సరే అంది కావ్య, ఆకలవుతోందని కంచం తెచ్చుకుంది.